పెదాలకు అతికిన మాటలు

1930 జనవరి. కాలిఫోర్నియాలోని మాంటెరేలో అసెన్సియోన్ సొలోర్సానో అనే ముసలావిడ మంచం పట్టి ఉంది. అక్కడి ఆదివాసుల ముత్సున్ భాష ధారాళంగా వచ్చినవాళ్లలో ఆవిడే ఆఖరు. పక్కన పరిశోధకుడు జాన్ హారింగ్టన్. ఒక్కో మాటా అడగడం, ఆవిడ పలికింది పలికినట్టు రాసుకోవడం. ఆ నెలలోనే ఆవిడ కన్నుమూసింది. భాష కాగితాల్లో మిగిలింది.

నాలుగు దశాబ్దాల తర్వాత మార్క్ ఓక్రాండ్ అనే విద్యార్థి ఆ కాగితాలు తిరగేశాడు. 1977లో బర్క్‌లీలో ముత్సున్ వ్యాకరణం మీద డాక్టరేట్ తీసుకున్నాడు. ఈ వాక్యం సరేనా అని అడుగుదామంటే, చెప్పే మనిషే లేడు.

1982లో ఆస్కార్ వేడుకకు టీవీ తెర మీద అక్షరాలు వేసే పనిమీద లాస్ ఏంజెలెస్ వచ్చాడు. అప్పుడే అంతరిక్ష కథల ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమా వాళ్లకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. స్పాక్, సావిక్ పాత్రల సన్నివేశం ఇంగ్లిష్‌లో చిత్రీకరించేశారు. ఇప్పుడది ఆ పాత్రల వల్కన్ జాతి భాషలో వినిపించాలట. పెదాల కదలికకు అతికేలా, లేని భాషలో మాటలు అల్లి ఇచ్చాడు ఓక్రాండ్. డబ్బింగ్ సినిమాలు చూసే మనకు ఆ కష్టం తెలుసు.

1984 నాటి మూడో సినిమాకు క్లింగాన్లనే గ్రహాంతర యోధుల భాష కావాలన్నారు. అప్పటికి ఉన్నవల్లా 1979 సినిమా కోసం నటుడు జేమ్స్ డూహన్ కల్పించిన నాలుగు మాటలు. వాటినే పునాది చేసుకున్నాడు. ఆ భాషలో మన ‘డ’ ఉంది, నాలుక మడిచి పలికే అచ్చమైన ‘డ’. దానికి జోడీ కావాల్సిన ‘ట’ మాత్రం లేదు. మనుషుల భాషలా ఉండకూడదని కావాలనే జోడీ విడగొట్టాడు. వాక్యంలో కర్మ ముందు, కర్త చివర: ‘పాలు తాగాడు రాముడు’. మన చెవికి అదేం ఎబ్బెట్టు కాదు.

నన్ను కట్టిపడేసిన ఘట్టం ఎడిటింగ్ గదిలోది. క్లింగాన్ సేనాని క్రూగ్ ‘ఇంజిన్ మాత్రమే’ అనే అర్థంలో ‘జొన్‌తా నెఖ్’ అన్నాడు. షూటింగ్ అయ్యాక కింద వేసే అక్షరాలు మార్చేశారు: ‘నాకు ఖైదీలు కావాలనుకున్నాను’. పలికిన మాట ఇక మారదు. అందుకని ఓక్రాండ్ భాషనే మార్చాడు. ‘నెఖ్’కు ‘కోరు’ అనే అర్థమూ చేర్చాడు. ‘జొన్‌తా’ను విరిచి, ‘జొన్’ అంటే పట్టుకోవడం, ‘తా’ అంటే పని పూర్తయిందనే ప్రత్యయం అన్నాడు. 1985లో అచ్చయిన నిఘంటువులో ‘నెఖ్’కు రెండర్థాలూ ఉన్నాయి. ఆ సర్దుబాటు అభిమానులకు వ్యాకరణమైంది.

వాళ్ల శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. 1992లో క్లింగాన్ భాషా సంస్థ పెట్టుకున్నారు. 1996లో ‘హామ్లెట్’ను అనువదించి అచ్చేశారు. ఏటా ఒకచోట చేరతారు. ఎదురుపడితే ‘నుక్‌నెఖ్’, అంటే ‘ఏం కావాలి?’. క్లింగాన్‌లో నమస్కారానికి మాట లేదు మరి. విడిపోయేటప్పుడు ‘ఖప్లా’, అంటే ‘జయం’. సొంతంగా మాటలు పుట్టించరు. లేని మాటల జాబితా రాసి ఓక్రాండ్‌కిస్తారు. ఆయన కొత్త మాటలు పట్టుకొస్తాడు. బర్క్‌లీలో అడగడానికి మనిషి దొరకని ఆయన్ని ఇప్పుడు గదినిండా జనం అడుగుతున్నారు.

ముత్సున్ వారసులు కూడా తాతల భాష మళ్లీ నేర్చుకుంటున్నారు. 2016లో వాళ్లకో నిఘంటువు వచ్చింది. దానికి ఆధారమైన వాటిలో హారింగ్టన్ మంచం పక్కన రాసుకున్న కాగితాలున్నాయి, 1977 నాటి ఆ వ్యాకరణమూ ఉంది.