ట్రంపెట్ దించి స్టీరింగ్ పట్టాడు

1953. లాన్సియా ఆరేలియా కారు పరుగెడుతోంది. పక్క సీట్లో తోటి డ్రైవర్ ట్రాసెన్‌స్టర్‌కు జబ్బు చేసింది, ఇక స్టీరింగ్ పట్టలేడు. లియేజ్–రోమ్–లియేజ్ ర్యాలీ అంటే పగలూ రాత్రీ ఆల్ప్స్ కనుమలు ఎక్కి దిగే పందెం. నిద్రకంటూ వేళ లేదు. ఒకరు నడుపుతుంటే రెండోవాడు కునుకు తీయాలి. ఇప్పుడా రెండోవాడే పడిపోయాడు.

జానీ క్లేస్ కారు ఆపలేదు. దాదాపు 52 గంటలు ఒక్కడే నడిపాడు. గెలిచాడు కూడా!

ఈయన అసలు వృత్తి ట్రంపెట్ ఊదడం. 1916లో లండన్‌లో పుట్టాడు. తండ్రి బెల్జియం మనిషి, తల్లి స్కాట్లండ్ ఆమె. జాజ్‌లో పేరు తెచ్చుకుని, 'క్లే పిజియన్స్' అని సొంత బ్యాండు కట్టాడు. 1946 నాటి హాస్యనటుడు జార్జ్ ఫార్మ్‌బీ సినిమాలోనూ ఆ బ్యాండు కనిపిస్తుంది. 1947లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి దగ్గర ఇంగ్లిష్ డ్రైవర్లకు దుబాసీగా వెళ్లాడు. మాటలు చేరవేయడానికి పోయినవాడికి పందెం పిచ్చి పట్టింది. మరుసటి ఏడే టాల్బో కారుతో బరిలో దిగాడు.

1950 మే 13న సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి పందెం జరిగింది. క్లేస్‌కు పదకొండో స్థానం. ఆ తర్వాత ఎన్ని గ్రాండ్ ప్రిలలో పాల్గొన్నా ఒక్క పాయింటూ రాలేదు. పెద్ద డ్రైవర్ కాడనే వాళ్లు ఈ సున్నానే చూపిస్తారు. నాకది సగం లెక్కే అనిపిస్తుంది. క్లేస్ బలం వేగంలో కాదు, ఓర్పులో ఉంది. 1951లో జాక్ ఇక్స్‌తో కలిసి జాగ్వార్‌లో లియేజ్–రోమ్–లియేజ్ ర్యాలీ గెలిచినప్పుడు ఒక్క పెనాల్టీ పాయింటు కూడా పడలేదు. ఎల్లారెడ్డి వైపు పెళ్లి బారాతుల్లో ట్రంపెట్ ఊదేవాళ్లకు ఈ ఓర్పు సంగతి చెప్పనక్కర్లేదు. పెదవి వాచినా, పెళ్లికొడుకు గుర్రం దిగేదాకా తాళం తప్పకూడదు.

ట్రంపెట్ ఊదిన క్లేస్ ఊపిరితిత్తుల్లోనే క్షయ చేరింది. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టి పదేళ్లు దాటినా ఆయనకు కలిసిరాలేదు. 1956 ఫిబ్రవరి 3న, 39 ఏళ్లకే పోయాడు. పోవడానికి ఎనిమిది నెలల ముందు లె మాన్స్ 24 గంటల పందెంలో ఉన్నాడు. ఓ మెర్సిడెస్ కారు గుంపు మీదికి దూసుకొచ్చి ఎనభై మందికి పైగా ప్రేక్షకులు చనిపోయిన 1955 నాటి పందెం అది. రాత్రి మెర్సిడెస్ జట్టు తప్పుకుంది. క్లేస్, జాక్ స్వాటర్స్ మాత్రం ఒకరి తర్వాత ఒకరు జాగ్వార్ డి-టైప్‌ను నడుపుతూ 24 గంటలూ పూర్తిచేసి మూడో స్థానంలో నిలిచారు.