కొండదారి, కుక్క, ఎర్రగుడి బండ

బుడ్డలు పీకే పని ఒక దారికి వచ్చింది. అందుకే చాలా రోజులకు మళ్లీ పెద్ద పోస్టు రాస్తాండా. పొద్దుమూకి ఎద్దులకు మేత వేసినాక తీరిగ్గా చదవండి.

మన పక్క పిల్లోడు ఒకడు అమెరికాలో వర్జీనియాలో ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే కుక్కను పట్టుకొని కొండలెక్కుతాడు. అక్కడ షెనండోవా అని కొండల మీద పెద్ద నేషనల్ పార్కు ఉంది. అందులో చాలా దారుల్లోకి కుక్కల్ని రానిస్తారు, కాకపోతే ఆరడుగులకు మించని తాడు కట్టి చేత్తో పట్టుకోవాల. ఎల్లోస్టోన్ లాంటి పార్కులో అయితే కొండదారుల్లోకి కుక్కను రానివ్వనే రానివ్వరు. వాడు ఫోన్ చేసి "మామా, మన జొన్నగిరి పక్క కుక్కను తోలుకుపోయే కొండదారులు ఏమన్నా ఉన్నాయా?" అని అడిగినాడు. నాకు నవ్వొచ్చింది. మన పక్క కొండకు పోయేటోడు కుక్క లేకుండా పోయిందెప్పుడు? కానీ ఆలోచిస్తే ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. కొండదారి మీద మనిషికి, జంతువుకు ఇద్దరికీ హక్కుందని రాసిన రాత మన తుగ్గలి మండలంలోనే ఉంది, రెండువేల రెండొందల ఏండ్లు దాటినాది.

ఎర్రగుడి సంగతే చెప్తాండా. గుత్తి నుంచి పత్తికొండ పోయే రోడ్డులో, మన జొన్నగిరికి దగ్గర్లోనే. అక్కడి గుట్ట మీద బండలపై అశోకుడు వేయించిన పద్నాలుగు పెద్ద శాసనాలు, వాటితో పాటు చిన్న శాసనాలు కూడా ఉన్నాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. మన పెద్దోళ్లు గొర్రెలు మేపుకుంటా ఎన్ని తరాలు ఆ బండల మీద కూర్చున్నారో, అది రాత అని మాత్రం బయటి లోకానికి 1929 ప్రాంతంలో తెలిసింది. అది కూడా చరిత్ర చదివినోడి వల్ల కాదు, రాళ్లు పరిశీలించే అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంట పడినాయి.

ఒక మాట మధ్యలో చెప్పాల, సేద్యం చేసేటోళ్లకే ఇది బాగా అర్థమైతాది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. అంటే మడక చేను చివరిదాకా పోయి, తిరుక్కొని మళ్లీ సాలు వేసుకుంటా వచ్చినట్టు. ఇట్లాంటి రాతకు గ్రీకు భాషలో ఉన్న పేరుకు అర్థం కూడా ఎద్దు మళ్లినట్టు అనే. చెక్కినోడు అట్లా ఎందుకు చెక్కినాడో గానీ, నాకైతే వాడు చిన్నప్పుడు మడక తోలినోడే అనిపిస్తాది.

సరే, కుక్కల సంగతికి వస్తా. పద్నాలుగింటిలో రెండో శాసనం తీసుకోండి. అశోకుడు తన రాజ్యంలోనూ, అవతల చోళ, పాండ్య దేశాల్లోనూ, యవన రాజుల దగ్గర కూడా రెండు రకాల వైద్యం ఏర్పాటు చేసినానంటాడు. మనుషులకు ఒకటి, పశువులకు ఒకటి. మందు చెట్లు లేని చోటికి తెప్పించి నాటించినానంటాడు. దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు పెట్టించినానని చెప్పి, ఎవరికోసమో కూడా రాయించినాడు. గుజరాత్‌లో గిర్నార్ కొండ మీద ఇదే శాసనం ఉంది. అందులో ఆ మాట "పసుమనుసానం" అని ఉంటాది. పశువుల కోసం, మనుషుల కోసం. పశువు ముందు, మనిషి వెనక. సమాసంలో చిన్నమాట ముందు రావడం వ్యాకరణం, అంతకుమించి ఏం లేదు అని చదువుకున్నోళ్లు అంటారు. నేను కాదనను. అయినా చదివినప్పుడల్లా సంతోషమే.

మనం పశువంటే ఎద్దు, ఆవు, బర్రె అనుకుంటాం. ఆ భాషలో పసు అంటే జంతువు. కుక్క పేరు అక్కడ విడిగా లేదు, లేనిది ఉన్నట్టు చెప్పను. కానీ దారిన పోయే మంద, మంద వెనక కాపరి, కాపరి వెనక కుక్క. బావి తవ్వినాక గొర్రెకు నీళ్లు పోసి కుక్కను తరిమేటోడు కాపరి కాదు.

ఇంకా పెద్ద సంగతి ఎనిమిదో శాసనంలో ఉంది. నా లెక్కలో కొండ తిరుగుడు చరిత్రంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. పూర్వం రాజులు విహారయాత్రలకు పోయేవాళ్లు, అందులో వేట, అట్లాంటి వేడుకలు ఉండేవి అంటాడు. తనకు పట్టాభిషేకమైన పదేండ్లకు, అంటే క్రీస్తు పూర్వం 260 ప్రాంతంలో, బుద్ధుడికి జ్ఞానం కలిగిన చోటికి పోయినానని, అప్పటినుంచి వేటయాత్రకు బదులు ధర్మయాత్ర మొదలైందని చెప్తాడు. ఆ యాత్రలో ఏం చేస్తారంటే, బ్రాహ్మణుల్ని శ్రమణుల్ని చూసి దానాలివ్వడం, ముసలోళ్లను చూసి బంగారమివ్వడం, పల్లెజనాన్ని చూడడం, వాళ్లతో ధర్మం గురించి మాట్లాడడం.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే అశోకుడి తాత చంద్రగుప్తుడి కాలానికి పోవాల. ఆయన కొలువుకు వచ్చిన మెగస్తనీసు అనే గ్రీకువాడు రాజు వేటకు పోయే తీరు రాసిపెట్టినాడు. రాజు చుట్టూ ఆయుధాలు పట్టుకున్న ఆడవాళ్లు, దారికి అటూ ఇటూ తాళ్లు, ఆ తాడు దాటి లోపలికి పోయినోడికి చావే. వేటకుక్కలంటే అప్పట్లో మన దేశానికి పెద్ద పేరు. అలెగ్జాండర్ వచ్చినప్పుడు పంజాబు పక్క ఒక రాజు సింహం మీదికి కుక్కల్ని వదిలి చూపించినాడని గ్రీకులు గొప్పగా చెప్పుకున్నారు. అంటే తాత కాలంలో రాజు షికారు పోతే పల్లెటూరోడు తాడు అవతల నిలబడాల. మనవడి కాలంలో రాజు బయల్దేరేదే ఆ పల్లెటూరోణ్ణి చూడడానికి. దారి అదే, అడవి అదే, పోయే పని మారింది.

జొన్నగిరికి కూడా ఇందులో భాగముంది. కర్ణాటకలో బ్రహ్మగిరి దగ్గరి శాసనంలో సువర్ణగిరి నుంచి ఆజ్ఞ పంపినట్టుంది. అక్కడ రాజకుమారుడు ఉండి దక్షిణాది చూసుకునేవాడు. ఆ సువర్ణగిరి మన జొన్నగిరే అని కొందరు పండితులు, కాదు మస్కి దగ్గరి కనకగిరి అని ఇంకొందరు. తేలే దాకా మనదే అనుకోవడంలో తప్పేం లేదు. తొలకరి పడగానే వజ్రాలకని జనం మన చేన్లన్నీ తిరుగుతాంటారు గానీ, పక్కనే ఉన్న ఆ బండను చూసొచ్చేటోళ్లు తక్కువ.

ఇంక మన కష్టం చెప్పుకోవాల. శాసనం చదివి చప్పట్లు కొట్టి పోతే రైతు మాట కాదది. ఆదోని, ఆలూరు పక్క జింకల మందలు పడి మొలక మీదనే పైరు మేసేస్తాంటే రాత్రిళ్లు నిద్ర యాడిది? కుక్క మొరిగితేనే చేను దక్కుతాది. పందులది ఇంకో బాధ. ఆ మెగస్తనీసే రాసినాడు, గింజలు తినే పక్షుల్ని, మృగాల్ని తరిమే పనికి వేటగాళ్లకు, కాపర్లకు రాజు ధాన్యం ఇచ్చేవాడని. అంటే పైరు కాపాడడం రాజు ఖర్చుగా ఉండేది. ఇప్పుడు 1972 చట్టం ప్రకారం కృష్ణజింకను ముట్టుకుంటే జైలు. చట్టం అవసరమే, కానీ పోయిన పైరు ఖర్చు మాత్రం రైతు మీదనే. ఇది ఒప్పుకోలేని సంగతి, నేను ఎన్నిసార్లయినా రాస్తా.

అందుకే పందిమీదికి కుక్కను వదిలినోడల్లా పాపాత్ముడని నేననను. పాతకాలంలో ఆ కుక్కకు గుడి దగ్గర రాయి నిలబెట్టినారు. కర్ణాటకలో మండ్య పక్క ఆతకూరు అని ఊరు. అక్కడ దొరికిన వీరగల్లు ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. క్రీస్తు శకం 950 నాటిది, తక్కోలం యుద్ధం అయిపోయిన రోజులు. మణలేర అనే వీరుడి పోరాటం మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, ఊళ్లూ బంగారం కాదు, కాళి అనే వేటకుక్కను అడిగినాడు. తర్వాత బెళతూరు పడమటి దిక్కున రాళ్లగుట్టలో పెద్ద పంది మీదికి ఆ కుక్కను వదిలినాడు. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. ఆతకూరులో చల్లేశ్వరుడి గుడి ముందర దానికోసం రాయి నాటించి, భూమి ఇచ్చినారు. ఆ గుడి చూసుకునే గొరవ ఆ రాతికి పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం తగులుతాదని కూడా చెక్కించినారు.

గొరవ అనే మాట చదవగానే మన పక్కోళ్లు ఆగుతారు. అక్కడ గొరవ అంటే శివుడి పూజారి. మన దగ్గర గొరవయ్యలంటే తెలియనిదెవరికి? దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరుడి బన్నికి, డమరుకం పట్టుకొని, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకొని వచ్చేటోళ్లే. 1953 దాకా మన ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండె. హూవినహడగలి పక్క మైలారం కూడా అప్పుడు ఆ జిల్లాదే. ఇప్పుడు రాష్ట్రాలు వేరైనా దేవుడు వేరు కాలేదు. మైలారలింగడు, మహారాష్ట్రలో ఖండోబా, మన మల్లన్న. ఖండోబా బొమ్మల్లో గుర్రం పక్కన కుక్క ఉంటాది. మైలారం భక్తులు కొందరు మేము స్వామి కుక్కలం అని కుక్కల మాదిరి మొరుగుతా, ముందర పెట్టిన పాత్రలోది తింటారు. తెలియనోళ్లు నవ్వుతారు. గొర్రెలు కాసేటోళ్ల దేవుడికి కుక్క కంటే నమ్మకమైన బంటు ఎవరుంటారు చెప్పండి.

ధర్మరాజు సంగతి నేను చెప్పాల్సిన పనిలేదు. హిమాలయాలెక్కేటప్పుడు తమ్ముళ్లు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోతే కడదాకా వచ్చింది కుక్క. దాన్ని వదిలి రథమెక్కమని ఇంద్రుడంటే ఎక్కనన్నాడు.

అట్లని కుక్కకు యాడికైనా దారి ఉండాలని నేననడం లేదు. నల్లమలలో పులుల అడవిలోకి కుక్కను తీసుకుపోవద్దంటే అర్థముంది. కుక్కల నుంచి డిస్టెంపర్ అనే జబ్బు అడవి జంతువులకు అంటుకుంటాది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోయినాయి. అందులో ఈ జబ్బు బయటపడింది. బట్టమేక పక్షి నేల మీదనే గుడ్డు పెడతాది, కుక్క తిరిగిన చోట ఆ గుడ్డు దక్కదు. ఇంగ్లండులో 1953లో ఒక చట్టం చేసినారు. ఎవరి కుక్క అయినా గొర్రెల మందను తరిమితే తప్పు కుక్కది కాదు, దాని యజమానిదే. మన కురువ తమ్ముళ్లకు ఆ చట్టం వినిపిస్తే చాలా సంతోషపడతారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన పక్క కొన్ని ఊళ్లలో ఉగాది మరుసటి రోజు పిల్లోళ్లు కుక్కల్ని తోలుకొని కుందేళ్ల వేటకు పోయే అలవాటుంది. తాతల నాటి ఆచారం అంటారు, నిజమే. కానీ ఇప్పుడు అది కేసు. డిగ్రీ చదివే పిల్లోడి పేరు స్టేషన్లో పడితే ఉద్యోగానికి పోయేటప్పుడు అది అడ్డమొస్తాది, తండ్రి చేను కుదవ పెట్టి తిరుగుతాడు. ఆ పొద్దు ఇంట్లో కూర్చోమంటే వినే వయసు కాదు వాళ్లది. అందుకే నేను చెప్పేదేమంటే, కొండకు పొండి, కుక్కను కూడా తీసుకుపొండి, ఎర్రగుడి దాకా పొండి. వేటకు పోయే పొద్దే అక్కడికి పోతే, వేట మానిన రాజు రాయించిన మాట ఆ బండ మీదనే ఉంది. అక్కడి చిన్న శాసనంలో రాజుకులనే అధికారులు భేరి కొట్టించి ఊళ్లోళ్లకు చెప్పాలన్న మాటల్లో తల్లిదండ్రుల మాట వినడం ఉంది, ప్రాణుల మీద దయ ఉంది. రెండూ మన పిల్లోళ్లకు పనికొచ్చేవే.

ఇంకో పని పెద్దోళ్లది. పాత బాటల వెంట ఉన్న బావులు చాలా వరకు పూడిపోయినాయి, కొన్నిటిలో చెత్త పోసినారు. గుట్టల మీద దోనల్లో నీళ్లు ఎండాకాలం రాకముందే అయిపోతాయి. మంద తోలుకొచ్చి మన చేన్లో నిలిపితే ఎరువు మనకే కదా, మరి ఆ మందకు, దాని కుక్కకు దారిలో నీళ్లు ఎవరు పెట్టాల? బోరు ఉన్నోళ్లు బాట పక్కన ఒక తొట్టి కట్టిస్తే సిమెంటు ఎంత అవుతాది? మా వీధోళ్లం నలుగురం దీని గురించి మాట్లాడుకుంటాండాం. మీ ఊళ్లో ఎవరన్నా ఇప్పటికే కట్టించి ఉంటే ఎంత ఖర్చయిందో, పాకుడు పట్టకుండా ఏం చేస్తాండారో చెప్పండి.

ఎర్రగుడి పోయేటోళ్లకు రెండు మాటలు. రాత ఉన్న బండల మీద కుక్కను ఎక్కనీయొద్దు, మీరూ ఎక్కొద్దు, బొగ్గుతో సుద్దతో పేర్లు రాయొద్దు. మంద ఎదురొస్తే తాడు బిగించి పక్కకు నిలబడండి, కాపరి కుక్క మీ కుక్కను ఊరికే వదలదు. కుక్కకు నీళ్లు, పోయడానికి ఒక గిన్నె మీరే తీసుకుపోవాల. ఎండాకాలమైతే పొద్దున ఏడింటికల్లా గుట్ట దగ్గరుండండి, పది దాటితే బండ కాలిపోతాది. మనకు చెప్పులుంటాయి, దానికుండవు.