వీడియో క్యాప్చర్ కార్డు

'''వీడియో క్యాప్చర్ కార్డు''' అనగా కెమెరా లేదా వీసీఆర్ నుండి వచ్చే దృశ్య సంకేతాన్ని కంప్యూటరులోనికి చేర్చే పరికరము. అనలాగ్ సంకేతమైతే దీనిని డిజిటల్ రూపంలోనికి మారుస్తుంది.

== గృహ వినియోగ పరికరాలు ==
ఇవి సాధారణంగా కాంపోజిట్ లేదా ఎస్-వీడియో తీగ ద్వారా సంకేతాన్ని స్వీకరిస్తాయి. చాలావరకు ఎంపెగ్-2 వంటి పద్ధతులలో దృశ్యాన్ని కుదించి భద్రపరుస్తాయి. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో గంట నిడివికి సుమారు 13 గిగాబైట్ల స్థలం అవసరం.

== వృత్తిపరమైన పరికరాలు ==
స్టూడియోలలో వాడే ఎస్‌డీఐ తీగ సెకనుకు 270 మెగాబిట్ల వేగంతో దృశ్యాన్ని కుదించకుండా అందిస్తుంది. టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం పాత టేపులలోని బొమ్మ వణుకును సరిచేస్తుంది.

== ప్రాముఖ్యత ==
ఫునాయ్ సంస్థ 2016లో వీసీఆర్‌ల తయారీని నిలిపివేసింది. టేపులు కాలక్రమేణా క్షీణిస్తాయి. కుదింపులో పోయిన వివరాలు తిరిగి రావు. అందువలన అరుదైన టేపులను వీలైనంత తక్కువ కుదింపుతో నకలు తీయడం ఉత్తమం.