పేరు కోసం పరుగు

కిన్వట్ తెలుగువాళ్ళకు పేర్ల సంగతి, గళ్ళ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1956 నవంబరు 1 దాకా మనది ఆదిలాబాదు జిల్లాలో ఒక తాలూకా. ఆ రోజున ఇల్లూ వాకిలీ కదలకుండానే నాందేడు జిల్లాలోకి, బొంబాయి రాష్ట్రంలోకి వచ్చిపడ్డాం. 1960లో అది మహారాష్ట్ర అయింది. అప్పటినుంచి ఏ ఫారం చేతికొచ్చినా "మాతృభాష" అన్న గడి దగ్గర మన కలం ఒక్క క్షణం ఆగుతూనే ఉంది. ఒక్క క్షణం కాదు, జన్మంతా ఆ గడి దగ్గరే ఆగిపోయిన మనుషుల కథ ఇది.

అమెరికాలో టామ్ వాడెల్ అనే వైద్యుడుండేవాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్‌లో ఆరో స్థానం సంపాదించాడు. పరుగు, దూకుడు, విసురు కలిపి రెండు రోజుల్లో పది పోటీలు ఆడాల్సిన ఆట అది. ఆయన స్వలింగ ప్రేమికుడు. ఆ రోజుల్లో ఆ మాట బయటపడితే క్రీడాకారుడికి మైదానంలో చోటుండేది కాదు. అలాంటి వాళ్ళు తలెత్తుకుని ఆడుకునే పోటీలు ఎందుకుండకూడదని ఆయన ఆలోచించాడు. ఆ ఆలోచన ఫలితంగా 1982 ఆగస్టు 28న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కెజార్ స్టేడియంలో మొదటి పోటీలు ఆరంభమయ్యాయి. సుమారు 1,350 మంది ఆడారు. ఆటలతో పాటు సంగీతం, కళలు కూడా కార్యక్రమంలో భాగం. అర్హత పరీక్షలు లేవు. వయసు అడ్డు కాదు. స్వలింగ ప్రేమికులు కానివాళ్ళు కూడా ఆడవచ్చు. ఎవరినో ఓడించడం కంటే తన నిన్నటి హద్దును తాను దాటడమే గెలుపన్నది వాడెల్ సిద్ధాంతం.

ఆయన పెట్టుకున్న పేరు "గే ఒలింపిక్ గేమ్స్". పోటీలకు కొద్ది వారాల ముందు అమెరికా ఒలింపిక్ కమిటీ కోర్టుకెక్కింది. 1978లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టం "ఒలింపిక్" అనే మాట మీద హక్కును ఆ కమిటీకే ఇచ్చింది. కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చింది. అచ్చయిన కాగితాల మీది ఆ మాటను నిర్వాహకులు తీసేయవలసి వచ్చింది. మిగిలిన పేరు "గే గేమ్స్". బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే "స్పెషల్ ఒలింపిక్స్"కు అదే కమిటీ అనుమతి ఉంది. మరి మాకెందుకు లేదని వీళ్ళ ప్రశ్న. వ్యాజ్యం అయిదేళ్ళు నడిచింది. 1987 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు కమిటీ పక్షానే తీర్పు చెప్పింది. కోర్టు ఖర్చుల బాకీ కింద వాడెల్ ఇంటి మీద కమిటీ లీన్ కూడా పెట్టింది. ఇంటి మీద లీన్ అంటే ఏమిటో మా బ్యాంకు వాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మనిషి నిద్రపోయే గది గోడ కూడా ఎదుటివాడి లెక్కలోకి వెళ్ళడం అది. ఆ తీర్పు వచ్చాక మూడు వారాలైనా గడవకముందే, జూలై 11న వాడెల్ ఎయిడ్స్‌తో చనిపోయాడు. అంతకు ముందు సంవత్సరమే, జబ్బు ఒంట్లో ఉండగానే, రెండో పోటీల్లో జావెలిన్ విసిరి బంగారు పతకం గెలిచాడు.

పేరు పోయినా పోటీలు పోలేదు. 1990లో వాంకూవర్‌లో జరిగాయి. 1994లో న్యూయార్క్‌లో సుమారు 11,000 మంది ఆడారు. రెండేళ్ళ ముందు బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆడినవాళ్ళు 9,300 పైచిలుకు మాత్రమే! 1998లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లెక్క తప్పింది. ఖర్చు రాబడిని మించిపోయి, నగరపాలక సంస్థ ఆదుకోవలసి వచ్చింది. 2006 పోటీలు మొదట మాంట్రియల్‌కు ఇచ్చినవి. పోటీలు ఎంత పెద్దవిగా ఉండాలి, డబ్బు మీద అజమాయిషీ ఎవరిది అన్న తగాదాతో అవి షికాగోకు మారాయి. మాంట్రియల్ వాళ్ళు వేరు కుంపటి పెట్టుకుని "అవుట్‌గేమ్స్" నడిపి నష్టాల్లో మునిగారు. కామర్స్ చదువుకున్నవాణ్ణి కనుక ఈ సంగతి దాచను. న్యాయమైన ఆశయానికి కూడా జమాఖర్చులు సరిగ్గా ఉండాల్సిందే. 2023 నవంబరులో ఈ పోటీలు ఆసియాలో మొదటిసారి అడుగుపెట్టాయి. హాంకాంగ్, మెక్సికోలోని గ్వాడలహారా కలిసి నిర్వహించాయి.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతల గొడవ, మనకెందుకు అని పాఠకులు అనవచ్చు. అయితే మన పాత సర్కారు దస్త్రం ఒకటి చూద్దాం. మనం నిజాము ఏలుబడిలో ఉన్నప్పుడు, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, నపుంసకుల చట్టం ఒకటి వచ్చింది. హైదరాబాదు నగరంలోనూ, సర్కారు ప్రకటించిన ఇతర చోట్లా ఉండే హిజ్రాలలో అనుమానితుల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడదుస్తుల్లో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరు చెరిపేశారు. మన దగ్గర పేరు రాసి పెట్టుకున్నారు, అదీ శిక్షించడానికి. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జూలైలో. నూరేళ్ళు దాటాక!

హిజ్రాలూ స్వలింగ ప్రేమికులూ ఒకరే కారు. వారి కష్టాలు వేరు, వారి చరిత్రలు వేరు. అయినా ఇద్దర్నీ ఒకే చూపుతో చూసింది లోకం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మూడో లింగాన్ని గుర్తించింది. 2017లో తిరువనంతపురంలో కేరళ ప్రభుత్వ క్రీడామండలి ట్రాన్స్‌జెండర్లకు అథ్లెటిక్ పోటీలు పెట్టింది. 2018 సెప్టెంబరు 6న, పెద్దవాళ్ళ ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని అదే సుప్రీంకోర్టు తేల్చింది.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించుకునే జాతి మనది. అందులో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పుతుంది. ఆ చేతులే గాండీవం పట్టి కౌరవసేనను తరిమికొడతాయి. ఆటా పాటా ఒకే మనిషిలో ఉండటం తిక్కన శ్రోతలకు వింత కాలేదు. కథలో ఒప్పుకున్నదాన్ని గడపలో ఒప్పుకోవడానికే మనకు ఇంత కాలం పట్టింది.

చివరగా నా సొంత సంగతి. అప్పట్లో నేను పనిచేసే శాఖకు ఒక హిజ్రా పొదుపు ఖాతా తెరవడానికి వచ్చింది. ఫారంలో గళ్ళు రెండే. ఏది రాయమంటావని అడిగాను. "మీకేది సులువైతే అదే రాయండి సార్" అంది. రేషన్ కార్డు చూసి "పురుషుడు" అని రాశాను. ఆమె సంతకం పెట్టి, పాస్‌బుక్ తీసుకుని వెళ్ళిపోయింది. 2015 ఏప్రిల్ 23న రిజర్వు బ్యాంకు అన్ని ఫారాల్లోనూ మూడో గడి చేర్చమని ఆదేశించింది. ఆ సర్క్యులర్ మీద నా పొట్టి సంతకం పెడుతుంటే ఆమె గుర్తొచ్చింది. అప్పటికి నాకు బదిలీ అయి చాలాకాలమైంది. ఆ పాత ఫారం ఏ బీరువాలో ఉందో గాని, దాని మీది చేతివ్రాత మాత్రం నాదే.