పక్కన పారేసిన కొవ్వు

"ఒళ్ళు కొవ్వెక్కిందా?" అని తిట్టడానికి తప్ప కొవ్వుని మనం పెద్దగా పట్టించుకోం. శాస్త్రవేత్తలూ చాలాకాలం అంతే. తిన్నది మిగిలితే దాచుకునే గోడౌను, అంతకుమించి దానికి పనేం లేదు అనుకున్నారు. అది హార్మోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా అనీ, ఆ హార్మోన్లు రక్తనాళాల్ని బిగించగలవు, వదులు చెయ్యగలవు అనీ తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది.

కథ 1949లో అమెరికాలోని బార్ హార్బర్‌లో మొదలైంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీలో ఎంత తిన్నా ఆకలి తీరని బండ ఎలుక ఒకటి పుట్టింది. 1966లో అలాంటిదే ఇంకో రకం దొరికింది. డగ్లస్ కోల్‌మన్ ఈ రెండు రకాల ఎలుకల్నీ పక్కపక్కన కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదానికి అందేలా చేశాడు. మొదటి రకం ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది, రెండోది మాత్రం హాయిగా తింటూనే ఉంది! అంటే మొదటిది "కడుపు నిండింది" అనే మెసేజ్ పంపడం లేదు. రెండోది పంపుతోంది గానీ దానికే ఆ మెసేజ్ అందడం లేదు. 1973 నాటికే కోల్‌మన్ ఈ లెక్క తేల్చినా, మెసేజ్ ఏమిటో 1994లో గానీ తెలియలేదు. జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువుని పట్టుకుంది. అది పనిచేసేది కొవ్వు కణాల్లో! ఆ హార్మోనుకి లెప్టిన్ అని పేరు పెట్టారు.

సరే, దీనికీ రక్తనాళాలకీ ఏమిటి సంబంధం అంటారా? లావెక్కితే బీపీ పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ లెప్టిన్ లేని ఆ బండ ఎలుకల్లో బీపీ పెరగలేదు సరికదా, సన్న ఎలుకల కన్నా తక్కువే ఉందని 1999లో చూశారు. అంటే తప్పంతా బరువుది కాదు. లెప్టిన్ మెదడు ద్వారా నరాల్ని రెచ్చగొట్టి బీపీ పెంచుతుంది, లెప్టిన్ లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

అందరూ లెప్టిన్ వెంట పడుతుంటే జపాన్‌లో ఒసాకా బృందం 1996లో కొవ్వులోనే ఇంకో ప్రొటీన్ కనిపెట్టింది. అదే అడిపోనెక్టిన్. దీని తీరు తలకిందులు. కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది! తెల్లకణాలు రక్తనాళం లోపలి పొరకి అతుక్కోకుండా ఇది అడ్డుపడుతుందని అదే బృందం 1999లో చూపించింది. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలేలా కూడా చేస్తుందని 2003లో తేలింది. నాళం వదులవ్వాలంటే కావలసింది ఆ వాయువే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఘట్టం. ల్యాబుల్లో రక్తనాళం మీద ప్రయోగం చేసేముందు దాని చుట్టూ ఉన్న కొవ్వుని శుభ్రంగా గీకి పారేసేవారు. మనం ఎవరో రాసిన పాత కోడ్‌ని "ఇది ఎవరూ వాడట్లేదులే" అని డిలీట్ చేస్తాం చూడండి, అలా అన్నమాట. 1991లో సోల్టిస్, కాసిస్ అనే ఇద్దరు ఆ కొవ్వుని ఉంచి చూశారు. ఎలుక బృహద్ధమని నోరడ్రినలిన్‌కి అంతగా బిగుసుకోలేదు. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2002లో బెర్లిన్ బృందం ఒకటి మళ్ళీ పరీక్షించి, ఆ కొవ్వు నాళాన్ని వదులు చేసే పదార్థం ఏదో విడుదల చేస్తోందని చెప్పింది. 2009లో మాంచెస్టర్ బృందం మనుషుల చిన్న ధమనులు తీసుకుని చూసింది. ఆరోగ్యవంతుల్లో చుట్టూ ఉన్న కొవ్వు నాళాన్ని కాపాడుతోంది, స్థూలకాయుల్లో మాత్రం ఆ గుణం పోయింది. కారణం కొవ్వులో వాపు, దానికి ఆక్సిజన్ చాలకపోవడం. కొవ్వు పుట్టుకతో శత్రువు కాదు, కిక్కిరిసిపోయినప్పుడు పార్టీ మారుస్తుంది :)

ఇందులో మన సంగతీ ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! సన్నటి కాళ్ళూ చేతులూ, ముందుకొచ్చిన చిన్న బొజ్జ... మన ఆఫీసుల్లో ఏ క్యూబికల్‌లో చూసినా ఇదే ఆకారం. "నేను లావు కాదుగా" అనుకుంటూ మూడో సమోసా తీసుకునేది కూడా మనమే.

బరువు తూచే మిషను మనకి సగం నిజమే చెప్తుంది. నడుము కొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలని దక్షిణాసియా వాళ్ళకి పెట్టిన హద్దు. దర్జీ దగ్గరుండే టేపు చాలు. ఒకసారి కొలుచుకోండి, పొట్ట లోపలికి పీల్చకుండా!