ఐపీ పెట్టనోళ్ల ఇండ్లు

ఇందల్వాయిలో షావుకారు కుదేలైతే జనం ‘ఐపీ పెట్టిండు’ అంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు ఊరు పెట్టుకున్న పేరది. మా మాదిగవాడలో ఒక్కరైనా ఐపీ పెట్టినట్టు నేను వినలేదు. అప్పులు లేక కాదు. దివాలా తియ్యడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా! ఆస్తి లేనోడి అప్పు కోర్టుకు పోదు, ఒంటిమీదికొస్తది. అప్పుల చరిత్ర అంటే మనకు ఎక్కువగా రైతు భూమి చరిత్రే చెప్పారు. వాడలోని ఇంటి చరిత్ర మనమే రాసుకోవాలి.

నిజాం రాజ్యంలో మన తాతలు కుదువ పెట్టింది ఇంటిని కాదు, ఒంటిని. పెండ్లికో, కరువుకో తెచ్చిన అప్పు కింద జీతమున్నవాణ్ణి భగేలా అన్నారు. వాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. భగేలా కరార్లను కట్టడి చేస్తూ 1936లో సర్కారు నిబంధన తెచ్చింది. దొర మాటే చట్టమైన ఊళ్లల్లో అది కాగితం దాటలేదు. గుడిసె కూడా దొర జాగాలోదైతే, జీతం మానిననాడే గూడు పోయేది.

కోర్టు చట్టం చూద్దాం. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్, 60వ సెక్షన్‌లో, వ్యవసాయదారుడు కాపురముండే ఇంటిని బాకీ కింద జప్తు చెయ్యొద్దన్నది. కూలోడి పేరు అందులో లేదు. కూలోడు, ఇంట్లో పనిచేసే మనిషి అన్న మాటలు 1976 సవరణతో గానీ చేరలేదు. అంటే 68 ఏండ్లు పట్టింది! 1920 దివాలా చట్టం కూడా జప్తుకు రాని ఆస్తిని రిసీవర్ చేతికి ఇవ్వదు.

ఆ రెండేండ్లలోనే మరిన్ని చట్టాలొచ్చాయి. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం అప్పును కొట్టేసింది, విడుదలైనవాణ్ణి ఉన్న ఇంట్లోంచి వెళ్లగొట్టరాదన్నది. 1977 రుణ విమోచన చట్టం చిన్న రైతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవాళ్లు షావుకార్లకున్న బాకీలను రద్దు చేసింది. బ్యాంకుల, సొసైటీల అప్పుల జోలికి పోలేదు. అదే ఏడు వచ్చిన అసైన్డ్ భూముల చట్టం సర్కారిచ్చిన ఇంటి జాగాను అమ్మరాదన్నది. కాపలా మంచిదే. కానీ మాఫీ అయిన మర్నాడు జ్వరమొస్తే మళ్లీ అప్పు పుట్టాల్సింది ఆ షావుకారు గడపలోనే.

ఇప్పుడు వాడలో స్లాబు ఇండ్లు లేచాయి. గల్ఫ్ చెమటతో కట్టినవే చాలా. ఇంటికి ధర వచ్చింది. బాకీ పోగా ఇంట్లో మిగిలే వాటా మన తరాలు మొదటిసారి కండ్ల చూసిన ఆస్తి. చిక్కంతా ఇక్కడే ఉంది. 2002 సర్ఫేసీ చట్టం జప్తుకు రాని ఆస్తులను విడిచిపెడుతూనే, ఆ అప్పుకే కుదువ పెట్టిన ఆస్తికి ఆ మినహాయింపు లేదన్నది. అంటే గుడిసెకున్న రక్షణ, కుదువ పెట్టిన స్లాబుకు లేదు. 2016 దివాలా కోడ్ కుదువలో లేని ఒక్క నివాసపు ఇంటిని, ఒక విలువ వరకు, విడిచిపెడతానంటది. ఆ కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీలకు జామీను పడ్డవాళ్లకు తప్ప మామూలు జనానికి ఇంకా అమల్లోకి రాలేదు. మనకు పాత 1920 చట్టమే దిక్కు.

మా చిన్నాయన దుబాయ్ నుంచి జబ్బుతో తిరిగొచ్చాక, ఒక ఫైనాన్స్ కంపెనీ నోటీసు నా చేతికిచ్చి, “చదువుకున్నోడివి, ఏముందో చూడు బిడ్డా” అన్నడు. ఇల్లు మొత్తం పోయినట్టే అనుకున్నడు. వేలంలో బాకీ, ఖర్చులు పోగా మిగిలిన పైకం ఇంటాయనకే చెల్లాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడేలోపే బాకీ కట్టి విడిపించుకోవాలనీ చెప్పలేదు. మేం గడువు లెక్కపెట్టుకున్నం. వెనక జాగా పాలోళ్లకు అమ్మి బాకీ కట్టినం. ముందు రెండు గదులు మిగిలినయ్.

తాత ఒళ్లు కుదువ పెట్టిండు, చిన్నాయన ఇల్లు పెట్టిండు. ఇద్దరి చేతుల్లోనూ చదవరాని కాగితమే ఉంది. మన విముక్తి చరిత్రలో భూమి, బడి ఎంత ముఖ్యమో, ఆ కాగితాన్ని గడువులోగా చదవగలగడమూ అంతే ముఖ్యం.