దూరపు వారము: శరణార్థి బాలుర చదువు కథ

పూర్వము మన తెలుగు దేశమున వారములు చేసికొని చదువుకొను ఆచారముండెను. బీద విద్యార్థి పట్టణమునకు వచ్చి, వారములోని ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఒకరి అరుగుమీద పండుకొని, మరియొకరి దీపము వద్ద చదివి, పరీక్ష గట్టెక్కెడివాడు. అన్నము పెట్టిన ఇల్లాలు "నాయనా, మీ ఊరేది? మీ అమ్మ కులాసాయేనా?" అని అడిగెడిది. అంతియే గాని, మా యింటిపేరు పెట్టుకొమ్మని ఎన్నడును అనలేదు. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే యని పాఠకులు గ్రహింతురుగాక.

చంద్రపూర్‌లోని చాందా ఫోర్టు స్టేషనులో గోండియా బండి ఎక్కినవారు నాగభీడ్, వడసా దాటి అర్జుని చేరుదురు. ఆ తాలూకాలో గోఠణగావ్ సమీపమున నోర్గ్యేలింగ్ అను టిబెట్టు శరణార్థుల గ్రామము కలదు. అది 1972లో ఏర్పడినది. అప్పుడది భండారా జిల్లాలోనిది. 1999లో జిల్లా విడిపోగా గోండియాలో చేరినది. మన ఇరుగుపొరుగున ఇట్టి ఊరొకటి యున్నదని మనలో అనేకులకు తెలియదు. శీతకాలమున ఉన్ని దుస్తులు అమ్ముకొను టిబెట్టువారిని చూచి, బేరమాడి, స్వెట్టరు కొనుక్కొని వచ్చుటతో మన పరిచయము ముగియుచున్నది. వారి బిడ్డలు ఎట్లు చదివిరి, ఎవరు చదివించిరి అని విచారించిన, అందు మనము నేర్చుకొనదగిన చరిత్ర కనబడును.

దూరదేశపు ధనముతో శరణార్థి బాలురు చదువుకొనుట మహారాష్ట్రమునకు టిబెట్టువారితోనే మొదలు కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రష్యా నిర్బంధము నుండి బయటపడిన పోలండు దేశపు కుటుంబములకు 1943 నుండి 1948 వరకు కొల్హాపూర్ దగ్గర వళివడెలో పెద్ద శిబిరముండెను. సుమారు అయిదువేలమంది అచట తలదాచుకొనిరి. అంతకు ముందే, 1942లో, నవానగరపు జాంసాహెబు దిగ్విజయసింహజీ తన సంస్థానమున బాలాచడిలో పోలిష్ బాలురకు ఆశ్రయమిచ్చియుండెను. వళివడెలో పోలిష్ భాషలోనే ప్రాథమిక పాఠశాలలును, ఉన్నత పాఠశాలయు నడచినవి. ఖర్చు భరించినది లండనులో ప్రవాసమున నున్న పోలండు ప్రభుత్వము. 1945 జూలైలో బ్రిటను ఆ ప్రభుత్వమునకు గుర్తింపు ఉపసంహరించుకొనగా, ఆ బిడ్డలకు దిక్కైన ఏర్పాటే కదలిపోయినది. పరుల సొమ్ముపై నిలిచిన చదువునకు ఇట్టి భయము ఎప్పుడును ఉండును. ఇది మొదటి పాఠము.

ఆ కాలమున మన దేశమున వాండా డినోవ్‌స్కా అను పోలిష్ విదుషి యుండెను. 1935లో భారతదేశమునకు వచ్చి, అడయారులోను, అరుణాచలమున రమణ మహర్షి సన్నిధిలోను గడిపి, ఉమాదేవి యను పేరుతో ప్రసిద్ధి కెక్కినది. తన దేశపు శరణార్థులకు తోడుపడిన ఆమెయే, 1960 తరువాత, ధర్మశాలలో టిబెట్టు బాలుర సేవకు పూనుకొనెను. ఒక శరణార్థి జాతి దుఃఖమెరిగిన మనసు మరియొక శరణార్థి జాతికి చేయి చాచుట సహజమే కదా!

1959 మార్చి చివర దలైలామా భారతదేశమున అడుగిడెను. ఆయన వెంటను, తరువాతను సుమారు ఎనుబదివేలమంది వచ్చిరి. చల్లని పీఠభూమిలో పుట్టినవారు మన వేడికి తాళలేక జబ్బుపడిరి. బ్రతుకు తెరువునకై కొండదారులు వేయు పనిలో వేలమంది కుదిరిరి. తల్లిదండ్రులు రాళ్ళు కొట్టుచుండగా పసిబిడ్డలు దారి ప్రక్కన ధూళిలో ఉండెడివారు. ఏప్రిల్ 24వ తేదీన ముస్సోరీలో నెహ్రూగారు దలైలామాను కలిసికొనిరి. టిబెట్టు బాలురకు వేరుగా పాఠశాలలు పెట్టవలెననియు, ఆ వ్యయము భారత ప్రభుత్వమే భరింపవలెననియు నెహ్రూగారు నిశ్చయించిరి. తమ భాషయు, తమ చరిత్రయు వారు మరువరాదు. లోకములో బ్రతుకుటకు ఇంగ్లీషును, నవీన విద్యయు కావలెను. ఈ రెండును కలిసి సాగవలెనన్నది ఆ నిర్ణయపు సారము. 1960 మార్చి 3వ తేదీన ముస్సోరీలో మొదటి పాఠశాల 50 మంది విద్యార్థులతో ఆరంభమైనది. 1961లో కేంద్ర విద్యాశాఖ క్రింద టిబెట్టు పాఠశాలల సంఘము ఏర్పడినది.

అదే 1960లో మే 17వ తేదీన జమ్ము ప్రాంతపు దారిపని శిబిరముల నుండి 51 మంది బిడ్డలు ధర్మశాలకు చేరిరి. బక్కచిక్కి, రోగములతో వచ్చిన ఆ పసివారిని దలైలామా అక్కగారగు త్సేరింగ్ డోల్మా తన చేతులలోనికి తీసికొనెను. ఆమె 1964లో మరణింపగా, చెల్లెలు జెత్సున్ పేమా ఆ భారము వహించి, 2006 వరకు నడిపెను. తొలినాళ్ళలో బిడ్డలకు ఎనిమిదేండ్లు రాగానే ఇతర వసతి పాఠశాలలకు పంపెడివారు. ఆ పాఠశాలలు నిండిపోగా, తామే తరగతులు పెంచుకొనిరి. 1972లో టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అను పేర సంస్థ రిజిస్టరు అయినది. ఆస్ట్రియా దేశీయుడు హెర్మన్ గ్మైనర్ స్థాపించిన ఎస్.ఓ.ఎస్. బాలగ్రామముల సంస్థలో చేరి, లడఖ్, బైలకుప్పె మొదలగు చోట్ల శాఖలు తెరచినది.

ఇక ధనము వచ్చు విధము. యూరపులోనో, అమెరికాలోనో ఒక సామాన్య కుటుంబము, ఒక ఉపాధ్యాయుడో, ఒక వృద్ధురాలో, ఒక బిడ్డ చదువునకు నెలకింత అని ఒప్పుకొందురు. సంస్థ ఆ బిడ్డ ఫోటోను, వివరములను పంపును. బిడ్డ పోషకునకు ఉత్తరము వ్రాయును. పరీక్ష ఫలితములు పోవును. గుమాస్తా పని చేసినవానికి ఇందు ఒక సంగతి ముఖ్యముగా తోచును. సొమ్ము బిడ్డ చేతికి రాదు, సంస్థ లెక్కలో జమయగును. బిడ్డ టిబెట్టు ఇంటి తల్లి పోషణలో, టిబెట్టు తోడివారి నడుమ పెరుగును. పోషకుడు మరణించినను, మానివేసినను బిడ్డ బడి మానవలసిన పని లేకుండ చూచుట సంస్థ పని. ప్రాథమిక విద్య కన్న ఉన్నత పాఠశాల చదువునకు ఈ ఏర్పాటు మరింత అవసరము. ఎందుకనగా పద్నాలుగేండ్ల బాలుడు సంపాదనకు పనికివచ్చును. బీద తండ్రి వానిని బడి మాన్పించునది ఆ వయసుననే.

అయితే అన్ని సహాయములును ఒకే తీరున నడువలేదు. స్విట్జర్లాండు దేశమున ట్రోగెన్ ఊరిలో యుద్ధబాలల కొఱకు 1946లో నెలకొల్పిన పెస్టలోజీ బాలగ్రామము 1960లో టిబెట్టు బాలురను చేర్చుకొనెను. అచట వారు తమ పెద్దల సంరక్షణలో కలిసి యుండిరి. తమ భాష నేర్చిరి. ఆ దేశముననే ఓల్టెన్ పట్టణపు పారిశ్రామికుడు చార్లెస్ ఐష్‌మన్ 1961, 1964 సంవత్సరముల నడుమ సుమారు 160 మంది బిడ్డలను రప్పించి, స్విస్ కుటుంబములలో ఒక్కొక్కరిని పెంపకమున కిప్పించెను. ఉద్దేశము మంచిదే, దలైలామా సమ్మతియు కలదు. కాని వారిలో అనేకులు అనాథలు కారు, తల్లియో తండ్రియో ఉన్నవారు. కొన్నేండ్లకు భాష మరచిరి. కన్నతల్లి ఎదురుపడినను మాటలాడుటకు దుబాసీ కావలసి వచ్చిన దుస్థితి కలిగెను. 2013లో ఒక డాక్యుమెంటరీ చిత్రము ఈ కథను స్విస్ ప్రజల ముందు పెట్టినది. ఆ బిడ్డలకు తిండి కొరతపడలేదు, చదువు కొరతపడలేదు. కొరతపడినది "మీ అమ్మ కులాసాయేనా?" అను ఒక్క ప్రశ్న.

మన జిల్లాలోనే మరియొక శరణార్థి జాతి కలదు. తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన వంగీయులకు ముల్చేరా, చామోర్షి ప్రాంతముల అడవిలో ఊళ్ళు కట్టి ఇచ్చిరి. 1982లో గడ్చిరోలి వేరైనప్పుడు ఆ ఊళ్ళు ఆ జిల్లాలోనికి పోయినవి. టిబెట్టువారివలె వీరికి దూరదేశపు పోషకులు దొరకలేదు. లోకపు దృష్టిలో పడిన దుఃఖమునకు దాతలు వత్తురు. పడని దుఃఖము సర్కారు బడి వద్దనే నిలిచిపోవును. ఇదియు చరిత్ర చెప్పు సత్యమే. నేడు టిబెట్టు పాఠశాలల స్థితియు మారినది. 2008 తరువాత హిమాలయము దాటి వచ్చువారు మిక్కిలి తగ్గిరి. పిల్లల సంఖ్య తగ్గినది.

మనము శరణార్థులము కాము. సిరొంచలో తెలుగువారు అనాదిగా ఉన్నవారే. చంద్రపూర్, బల్లార్పూర్ల యందు అనేకులు గనులకు, కాగితపు మిల్లునకు పని వెదకికొని వచ్చినవారు. మనలను ఎవరును వెళ్ళగొట్టలేదు. అయినను మన మనుమలలో తెలుగు చదువలేనివారే హెచ్చు. ఇల్లు వాకిలి కోల్పోయి వచ్చినవారు రాళ్ళు కొట్టుచు తమ అక్షరములు కాపాడుకొనిరి. ఇల్లు వాకిలి కట్టుకొన్న మనము వాటిని జారవిడుచుకొనుచున్నాము. తప్పెవరిదని ఇతరులను అడుగవలసిన పని లేదు.

కావున సమాజము పెద్దలకు నా విన్నపమొకటి. ఏటేట ఉత్సవమునకు చేయు వ్యయములో కొంత మిగిల్చి, తొమ్మిది, పది తరగతుల బీద బాలుని ఒక్కని చదివింపుడు. వాడు తెలుగువాడైనను, వంగీయుడైనను, టిబెట్టువాడైనను సరియే. సొమ్ము రశీదుపై బడికి కట్టుడు. రెండేండ్ల సొమ్ము ముందే వేరుగా నుంచుడు, నడుమ ఆగరాదు. వేదికపై నిలబెట్టి వాని పేదరికమును చాటవలదు. ఏడాదికి రెండు ఉత్తరములు వ్రాయుమనుడు, తన భాషలోనే వ్రాయుమనుడు. మనకు చదువ రాకున్న, చదివి చెప్పువారిని వెదకుకొందము. పూర్వపు ఇల్లాలు వారపు కుఱ్ఱవానికి అన్నముతో పాటు పెట్టిన గౌరవము అట్టిదే.